జవాబు ముందే తెలిసిన లెక్క

మనిషి చేసిన లెక్కలో తప్పు ఉండొచ్చు, యంత్రం చేసిన లెక్కలో ఉండదు అన్న నమ్మకం మన తరానికి ఎప్పుడు పట్టుకుందో గాని గట్టిగానే పట్టుకుంది. కిరాణా కొట్టాయన చీటీ మీద కూడిన మొత్తాన్ని ఇంటికొచ్చి మళ్ళీ కూడి చూసుకున్న వాళ్ళమే, ఇవాళ సూపర్ మార్కెట్ బిల్లును చూడకుండా మడిచి జేబులో పెట్టుకుంటున్నాం.

నేను సౌదీ అరేబియా తూర్పు తీరంలో, నీటి పరీక్షలు చేసే ఒక లాబ్‌లో పనిచేస్తాను. మా పనిలో సగం పరికరాలతో, మిగతా సగం అంకెలతో. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ మేం నీళ్ళ సీసాలు పక్కన పెట్టి, జవాబు ముందే తెలిసిన లెక్కలు కొన్ని దానికిచ్చి చేయిస్తాం. మాకు కావలసింది ఆ జవాబు కాదు, ఆ సాఫ్ట్‌వేర్ ఏం చెబుతుందన్నదే. కొత్తగా చేరిన జగిత్యాల కుర్రాడొకడు ఇది మొదటిసారి చూసి, "జవాబు ఎరుకే ఉన్నంక మళ్ల లెక్క జేసుడెందుకన్నా?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. అప్పుడు నేను చెప్పిన జవాబునే కాస్త విస్తరించి ఇక్కడ రాస్తున్నాను.

జవాబులో మొదటి భాగం మాకు దగ్గర్లోనే, దహ్రాన్‌లో ఉంది.

1991 ఫిబ్రవరి 25, గల్ఫ్ యుద్ధం ఆఖరి రోజులు. ఆ రాత్రి ఇరాక్ ప్రయోగించిన స్కడ్ క్షిపణి దహ్రాన్‌లో అమెరికన్ సైనికులు బస చేసిన గోదాము మీద పడింది. 28 మంది చనిపోయారు. వాళ్ళలో 13 మంది పెన్సిల్వేనియా నుంచి కొద్ది రోజుల ముందే వచ్చిన ఒక రిజర్వు దళం వాళ్ళు. వాళ్ళ పని తాగునీరు శుద్ధి చేయడం. ఊరికి కాపలాగా పేట్రియట్ క్షిపణుల వ్యవస్థ ఉంది, నడుస్తూనే ఉంది. అయినా వస్తున్న స్కడ్ మీదికి ఒక్క క్షిపణి కూడా వదల్లేదు.

ఎందుకు వదల్లేదో 1992లో అమెరికన్ కాంగ్రెస్‌కి చెందిన ఆడిట్ సంస్థ విచారించి నివేదిక ఇచ్చింది. కారణం వింటే ఇంతేనా అనిపిస్తుంది. ఆ వ్యవస్థలోని గడియారం సెకనులో పదో వంతుల్ని లెక్కపెడుతుంది. దాన్ని సెకన్లలోకి మార్చాలంటే పదో వంతుతో, అంటే 0.1తో గుణించాలి. మనం రాసే దశాంశాల్లో మూడో వంతు ఎలాగైతే 0.3333 అని ఎంత రాసినా పూర్తికాదో, కంప్యూటర్ వాడే సున్నా-ఒకట్ల భాషలో పదో వంతు అలా పూర్తికాదు. ఎక్కడో ఒకచోట కోసేయాలి. అక్కడ 24 బిట్ల దగ్గర కోశారు. కోసినందువల్ల పోయింది 0.000000095, కోటిలో ఒక వంతు కూడా కాదు.

కాని ఆ రోజుకి ఆ వ్యవస్థ ఆపకుండా నూరు గంటలకు పైగా నడుస్తోంది. నూరు గంటలంటే 36 లక్షల పదోవంతు సెకన్లు. 36 లక్షలను 0.000000095తో గుణిస్తే 0.34 సెకను. స్కడ్ సెకనుకు సుమారు 1,676 మీటర్లు దూసుకొచ్చే వస్తువు. సెకనులో మూడో వంతు తేడా అంటే అర కిలోమీటరు పైమాటే. రాడార్ మొదట క్షిపణిని చూసింది. ఆ తర్వాత అది ఎక్కడుంటుందో లెక్కగట్టి, అర కిలోమీటరు పక్కన వెతికింది. అక్కడ ఏమీ కనిపించలేదు గనుక ఏమీ రావడం లేదనుకుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆ ముందు రెండు వారాల్లో జరిగింది. ఫిబ్రవరి 11న ఇజ్రాయెల్ నుంచి వచ్చిన సమాచారంలో, ఎనిమిది గంటలు వరసగా నడిపితేనే గురి గణనీయంగా పక్కకి జరుగుతోందని తేలింది. 16వ తేదీకి సరిచేసిన సాఫ్ట్‌వేర్ విడుదల చేశారు. 21న సైన్యం ఒక సందేశం పంపింది, చాలాసేపు నడిపితే గురి తప్పవచ్చని. చాలాసేపంటే ఎన్ని గంటలో అందులో లేదు. ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెడితే చాలు, గడియారం సున్నా నుంచి మొదలయ్యేది. సరిచేసిన సాఫ్ట్‌వేర్ దహ్రాన్‌ చేరింది ఫిబ్రవరి 26న, ఒక్కరోజు ఆలస్యంగా.

పేట్రియట్‌ని మొదట తయారుచేసింది ఇంకో రకం యుద్ధం కోసం. ఒకచోట కొన్ని గంటలు ఉండి, ఇంకోచోటికి కదిలిపోయేలా ఊహించారు. ఆ కొన్ని గంటలకి లెక్క సరిగ్గానే వచ్చేది. తేలిక పరీక్షలో అది పాసే.

మనకో సామెత ఉంది, అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలని. అన్నానికి అది నిజం. గిన్నెలో మెతుకులన్నీ ఒకే మంట మీద, ఒకే నీళ్ళలో ఉన్నాయి గనుక. లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్‌కి ఇది వర్తించదు. తేలిక లెక్క అన్నిట్లోనూ సరిగ్గానే వస్తుంది. కాబట్టి దాన్నిచ్చి చూస్తే మనకేమీ తెలియదు. ఉడకడానికి మొరాయించే మెతుకుని ఏరి పట్టుకుని చూడాలి.

గణాంకశాస్త్రంలో అలాంటి మెతుకుని ఏరినవాడు జేమ్స్ లాంగ్లీ. అమెరికా ప్రభుత్వ కార్మిక గణాంకాల కార్యాలయంలో పనిచేసేవాడు. 1967లో ఆయన ఒక పత్రం ప్రచురించాడు. 1947 నుంచి 1962 దాకా పదహారేళ్ళ అమెరికా వివరాలు తీసుకున్నాడు. ఒక పక్క ఉద్యోగాల సంఖ్య, ఇంకో పక్క ధరల సూచీ, జాతీయోత్పత్తి, నిరుద్యోగులు, సైన్యంలో ఉన్నవాళ్ళు, జనాభా, సంవత్సరం. ఈ ఆరింటిలో ఒక్కొక్కటి ఉద్యోగాల మీద ఎంత ప్రభావం చూపిందన్నది ప్రశ్న. రిగ్రెషన్ అంటాం కదా, అదే. ముందు తాను డెస్క్ కాలిక్యులేటర్ మీద ఓపిగ్గా, ఎక్కువ అంకెలు ఉంచుకుంటూ జవాబు కట్టాడు. తర్వాత అదే డేటాని అప్పటి పేరున్న కంప్యూటర్ ప్రోగ్రాములకి ఇచ్చాడు. కొన్ని ప్రోగ్రాముల జవాబుల్లో మొదటి అంకె కూడా కలవలేదు. కొన్నిట్లో కూడిక గుర్తు ఉండాల్సిన చోట తీసివేత గుర్తు వచ్చింది. అంటే పెంచుతుందనాల్సిన దాన్ని తగ్గిస్తుందని చెప్పాయన్నమాట.

పదహారు వరసల డేటాలో ఇంత కష్టం ఏముంది? ఆ ఆరూ ఇంచుమించు కలిసి పెరుగుతాయి. ఏడాది మారితే జనాభా పెరిగింది, ధరలు పెరిగాయి, ఉత్పత్తి పెరిగింది. ఎప్పుడూ ఒకే కాడి కింద లాగే ఎద్దుల జతలో ఏది ఎంత బలం పెట్టిందో బండి నడక చూసి చెప్పమన్నట్టు ఉంటుంది ఆ ప్రశ్న. జవాబు ఉంది, కాని అది చాలా చిన్న చిన్న తేడాల్లో దాగి ఉంది. చివరి అంకెల్ని పారేసే యంత్రం ఆ తేడాల్నే పారేస్తుంది.

అంకెలు ఎలా పోతాయో కాగితం మీద చూపిస్తాను. 10001, 10002, 10003 అనే మూడు సంఖ్యలు తీసుకోండి. సగటు 10002. ఒక్కొక్కటి సగటు నుంచి ఎంత దూరంలో ఉందో చూస్తే ఒకటి, సున్నా, ఒకటి. వర్గాలు కూడితే 2, మూడింటిలో ఒకటి తీసేసి రెండుతో భాగిస్తే 1, వర్గమూలం 1. స్టాండర్డ్ డీవియేషన్ 1. నోటితో చేసేయొచ్చు.

కాని పాత పుస్తకాల్లో ఒక అడ్డదారి సూత్రం ఉంటుంది. సంఖ్యల వర్గాల మొత్తంలోంచి, సగటు వర్గాన్ని సంఖ్యల లెక్కతో గుణించి తీసేయమంటుంది. బీజగణితం ప్రకారం రెండూ ఒకటే. ఇప్పుడు ఎనిమిది అంకెలకు మించి గుర్తుంచుకోలేని యంత్రంతో ఇదే చేద్దాం. మన మూడు సంఖ్యల వర్గాలు 10,00,20,001, 10,00,40,004, 10,00,60,009. ఒక్కోదానిలో తొమ్మిది అంకెలు. తొమ్మిదో అంకెను కోసేసే యంత్రమైతే వర్గాల మొత్తం 30,01,20,000 అవుతుంది. తీసేయాల్సింది కూడా 30,01,20,000 అవుతుంది. తేడా సున్నా. అంటే మూడు సంఖ్యలూ ఒకటేనని చెబుతుంది. కోయకుండా దగ్గరి అంకెకు సవరించే యంత్రమైతే మొత్తం 30,01,20,010 వస్తుంది. తేడా 10, సగం 5, వర్గమూలం 2.24. అసలు జవాబు 1. ఒక యంత్రం సున్నా అంటుంది, ఇంకోటి 2.24 అంటుంది. సూత్రంలో తప్పు లేదు, యంత్రం చెడిపోలేదు. తెర మీద జవాబు మాత్రం నాలుగు దశాంశాలతో, ఎంతో నమ్మకంగా కనిపిస్తుంది.

ఇవాళ్టి కంప్యూటర్లు ఎనిమిది కాదు, సుమారు పదిహేను పదహారు అంకెలు ఉంచుకుంటాయి. దాంతో గుంత కాస్త దూరం జరిగిందే గాని పూడిపోలేదు.

కంసాలి గీటురాయి మీద మన నగను గీసి ఊరుకోడు. పక్కనే వన్నె తెలిసిన బంగారాన్ని కూడా గీసి, రెండు గీతల్నీ పోల్చి చూస్తాడు. ఆ తెలిసిన గీత లేకపోతే రాయి ఒక్కటీ ఏమీ చెప్పలేదు. గణాంకాల సాఫ్ట్‌వేర్‌కి అలాంటి వన్నె తెలిసిన గీతల్ని తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చింది అమెరికాలోని కొలతల సంస్థ, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్టాండర్డ్స్ అండ్ టెక్నాలజీ. అందరూ నిస్ట్ అంటారు. 1990ల చివర్లో వాళ్ళు విడుదల చేసిన ఈ పరీక్షా డేటాలో సగటు, స్టాండర్డ్ డీవియేషన్ లాంటి మొదటి మెట్టు లెక్కల నుంచి రిగ్రెషన్‌లో కష్టమైన రకాల దాకా ఉన్నాయి. ప్రతిదానికీ తేలిక, మధ్యస్థం, కష్టం అని గుర్తు ఉంటుంది. లాంగ్లీ డేటా కష్టం జాబితాలో చేరింది. సరళరేఖ రిగ్రెషన్ లాంటి వాటికి సరైన జవాబుని 500 అంకెల ఖచ్చితత్వంతో లెక్కకట్టి, అందులో పదిహేను అంకెలు ప్రకటించారు.

మార్కులు వేయడమూ సులభమే. లాంగ్లీ లెక్కలో సంవత్సరం పక్కన రావాల్సిన గుణకం 1829.15146461355. మీ సాఫ్ట్‌వేర్ 1829.151465 అంటే దాదాపు పది అంకెలు కలిశాయి. 1830 అంటే మూడే కలిశాయి. ఎన్ని అంకెలు కలిస్తే అన్ని మార్కులు.

పరీక్ష బయటికొచ్చాక ఎవరెవరు తప్పారో తెలిసింది. బ్రూస్ మెకల్లా అనే ఆర్థికవేత్త 1998, 1999లలో పేరున్న గణాంక సాఫ్ట్‌వేర్లు కొన్నిటిని ఈ గీటురాయి మీద గీశాడు. 1999లో బెర్రీ విల్సన్‌తో కలిసి ఎక్సెల్ 97ను పరీక్షించి, గణాంకాలకి దాన్ని వాడకపోవడమే మంచిదని తేల్చాడు. ఎక్సెల్ స్టాండర్డ్ డీవియేషన్‌ కట్టే పద్ధతి ఏమిటనుకున్నారు? పైన చెప్పిన ఆ అడ్డదారి సూత్రమే. ప్రపంచంలో ఎన్ని బడులు, బ్యాంకులు, ఆసుపత్రులు ఆ ఎక్సెల్‌ మీద లెక్కలు వేసుకుని ఉంటాయి! చివరికి 2003 వెర్షన్‌లో మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతి మార్చింది. బయటివాళ్ళు జవాబు తెలిసిన లెక్కతో వెళ్ళి తప్పు చూపించారు గనుక ఆ మార్పు గురించి గట్టిగా అడగగలిగారు. ఊరికే "నాకు అనుమానంగా ఉంది" అంటే ఏ కంపెనీ కదులుతుంది?

మా కుర్రాడు ఇక్కడ ఇంకో ప్రశ్న వేశాడు. "ఇప్పుడు సరిజేసిండ్రు గద అన్నా, ఇంకెందుకు?"

మా లాంటి లాబ్‌లు పాటించే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్‌ఓ 17025. లాబ్‌లో వాడే సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తుందని వాడకముందే నిర్ధారించుకోవాలని 2017 నాటి ప్రతిలో ఉంది. పక్కనే ఒక వెసులుబాటూ ఉంది. అందరూ వాడే, అంగట్లో దొరికే సాఫ్ట్‌వేర్‌ని దాని పరిధిలో వాడుతుంటే తగినంత నిర్ధారణ జరిగినట్టే అనుకోవచ్చని. చాలామంది ఆ వెసులుబాటు దగ్గరే ఆగిపోతారు. ఎక్సెల్ 97 కూడా అందరూ వాడిన, అంగట్లో దొరికిన సాఫ్ట్‌వేరే. పైగా మేం వాడేది ఒట్టి ఎక్సెల్ కాదు. దాని మీద ఎవరో రాసిన సూత్రాలు, ఎవరో మార్చిన గడులు, ఏళ్ళ తరబడి చేతులు మారిన షీట్లు. వాటికి కంపెనీ ఏ హామీ ఇవ్వదు. ఒక నీటి నమూనాలో ఉన్న సీసమో ఆర్సెనిక్కో హద్దు లోపల ఉందా, దాటిందా అన్నది ఒక సరళరేఖ మీద ఆధారపడి ఉంటుంది. ఆ రేఖను గీసేది ఈ షీటే. ఆ నీళ్ళు తాగేవాళ్ళకి షీటు సంగతి తెలియదు.

అంకెల ఖచ్చితత్వం ఒక్కటే కాదు, ఇంకో రకం గుంత కూడా ఉంది. 1985లో లేలండ్ విల్కిన్సన్ ఒక చిన్న ప్రశ్నపత్రం తయారుచేశాడు. అందులో తొమ్మిదే వరసల డేటా, పేరు నాస్టీ. పేరుకు తగ్గట్టే పెంకెది. ఒక నిలువు వరసలో అన్నీ సున్నాలు, ఒకదాంట్లో ఏమీ ఉండదు, ఒకదాంట్లో 99999991 నుంచి 99999999 దాకా పెద్ద సంఖ్యలు. ఖాళీకి, సున్నాకి తేడా తెలుసా? ఒక వరసకి దానితోనే సంబంధం ఎంతని అడిగితే ఒకటి అంటుందా? చిన్నపిల్లల్ని అడిగే ప్రశ్నలు. వీటి దగ్గర బోల్తాపడిన సాఫ్ట్‌వేర్లు తక్కువేం కాదు.

సౌదీలో ఉన్నవాళ్ళకి ఈ రకం గుంత బాగా పరిచయం. ఇక్కడ రెండు క్యాలెండర్లు. హిజ్రీ ఏడాదికి 354 లేక 355 రోజులు. రెండో నెల సఫర్‌లో 29 రోజులుండొచ్చు, 30 కూడా ఉండొచ్చు. ఆ 30వ తేదీని మామూలు క్యాలెండర్ మాత్రమే తెలిసిన సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే ఫిబ్రవరి 30 అనుకుని తీసుకోదు. ఆ గడి ఖాళీ అవుతుంది. ఆ ఖాళీని ఇంకో ప్రోగ్రాం సున్నా అనుకుంటే సగటు మారిపోతుంది. 33 మామూలు ఏళ్ళకి హిజ్రీలో సుమారు 34 ఏళ్ళవుతాయి గనుక, రెండు రకాల తేదీలు కలిసిపోయిన జాబితాలో మనుషుల వయసులు చడీచప్పుడు లేకుండా జరుగుతాయి. నిస్ట్ వాళ్ళ దగ్గర దీనికి డేటా లేదు. మనమే చేసుకోవాలి. హిజ్రీ 1444 మొహర్రం ఒకటి అంటే 2022 జూలై 30, 1445 మొహర్రం ఒకటి అంటే 2023 జూలై 19, మధ్యలో 354 రోజులు. ఇలాంటి జతలు కొన్ని, సఫర్ 30 ఉన్నది ఒకటి, ఖాళీది ఒకటి. పది వరసలు చాలు, మన ఊరి గీటురాయి తయారు.

ఎక్సెల్‌ని తక్కువ చేయకుండా ఇంకో మాట. 1900 ఫిబ్రవరిలో 29 రోజులున్నాయని అది ఇప్పటికీ అంటుంది. ఆ ఏడాది లీపు సంవత్సరం కాదు. పాత లోటస్ 1-2-3లో ఉన్న తప్పును, ఆ ఫైళ్ళు చెడకూడదని, తెలిసే ఉంచుకున్నారు. ఒక గడిలో 60 వేసి తేదీగా మార్చి చూడండి.

ఈ పరీక్షలకీ హద్దుంది. ప్రశ్నపత్రం అందరికీ తెలిసిందే గనుక, గైడు చదివి పాసైనట్టు ఆ డేటాకి మాత్రమే సరిపడేలా సర్దుకునే అవకాశం ఉంది. ఇప్పుడు లెక్కల్ని మాటల్లో అడిగి చేయించుకునే కృత్రిమ మేధ కాలం కూడా వచ్చింది. లాంగ్లీ డేటా యాభై ఏళ్ళకు పైగా పుస్తకాల్లో ఉంది. దాని జవాబు చెప్పినంతమాత్రాన లెక్క చేసిందో, బట్టీ అప్పజెప్పిందో తెలియదు. అందుకని మేం డేటాని కాస్త కదుపుతాం. ప్రతి సంఖ్యకీ పది లక్షలు కలిపితే స్టాండర్డ్ డీవియేషన్ మారకూడదు. ఒక వరసని వెయ్యితో గుణిస్తే దాని గుణకం వెయ్యో వంతు కావాలి. వరసల క్రమం తారుమారు చేస్తే ఏదీ మారకూడదు. ఇక్కడ అసలు జవాబు తెలియకపోయినా ఫరవాలేదు, రెండు జవాబుల మధ్య చుట్టరికం తెలిస్తే చాలు.

మీరు కూడా మీరు వాడే సాఫ్ట్‌వేర్‌కి ఒకసారి ఈ పరీక్ష పెట్టండి. మొదట 10000001, 10000003, 10000002 ఇవ్వండి. సగటు 10000002, స్టాండర్డ్ డీవియేషన్ 1 రావాలి. ఇవాళ చాలావాటిలో వస్తుంది. ఆ తర్వాత కష్టమైనది. మొదట 10000000.2, ఆపైన 10000000.1, 10000000.3 ఒకదాని తర్వాత ఒకటిగా, మొత్తం 1001 సంఖ్యలు. రావాల్సింది సరిగ్గా 0.1. మంచి సాఫ్ట్‌వేర్ కూడా ఇక్కడ ఎనిమిది అంకెల దాకానే సరిగ్గా ఇస్తుంది, ఎందుకంటే ఆ పదో వంతుని సున్నా-ఒకట్ల భాషలో పూర్తిగా రాయలేం. దహ్రాన్‌లో కోసేసింది ఆ పదో వంతునే.

ఎనిమిది అంకెలు కలిస్తే సంతోషం, తేదీ వేసి రాసి పెట్టుకోండి. రెండో మూడో మాత్రమే కలిస్తే, అది ఇప్పటిదాకా మీకిచ్చిన జవాబుల్ని ఒక్కొక్కటే మళ్ళీ తెరవండి. జగిత్యాల కుర్రాడు ఇప్పుడు ఈ పని నన్నడక్కుండానే చేస్తున్నాడు. రిజిస్టర్‌లో ఎన్ని అంకెలు కలిశాయో రాసి, కింద సంతకం పెడుతున్నాడు.